ఒక్క డిస్క్ పోతే పది డిస్కులు చదవాలా?

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకుంది. లిథియం బ్యాటరీలను ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తుండగా మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అయితే పూర్తిగా బూడిదైంది. పోయిన డేటా 858 టెరాబైట్లు. వేరే చోట కాపీ లేదు. అంత పెద్ద డేటాకు బయట బ్యాకప్ పెట్టడం కుదరలేదని అధికారులు చెప్పుకొచ్చారు.

ఇది జరిగి మూడు వారాలు కాకముందే, అక్టోబరు 14న, విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. అప్పటి నుంచి మన దగ్గర మాటంతా భూమి, కరెంటు, నీళ్లు, ఉద్యోగాల లెక్క చుట్టూనే. అవన్నీ అడగాల్సినవే. కానీ ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇలాంటి సెంటర్‌లో ఒక మిషన్ పోతే, అందులోని డేటా ఎలా తిరిగొస్తుంది? అందుకు ఎంత ఖర్చవుతుంది?

ఎందుకంటే మంటలు ఎప్పుడో ఒకసారి. మిషన్లు పోవడం రోజువారీ వ్యవహారం. ఫేస్‌బుక్‌కు చెందిన కొన్ని వేల మిషన్ల క్లస్టర్‌ను పరిశీలించి 2013లో ఒక పేపర్ రాశారు. 15 నిమిషాలకు మించి అందుబాటులో లేకుండా పోయే మిషన్లు అక్కడ మామూలు రోజున 50కి పైనే. వాటిలోని డేటాను తిరిగి తయారు చేయడానికి ర్యాకుల మధ్య నెట్‌వర్క్‌లో రోజుకు 180 టెరాబైట్లకు పైగా పారింది. యూజర్ అడిగింది కాదు, కొత్తగా దాచింది కాదు. కేవలం రిపేరు కోసం!

ఇంత ఎందుకు? పాత పద్ధతిలో ప్రతి ఫైలుకూ మూడు కాపీలు పెట్టేవారు. ఒకటి పోతే రెండోదాని నుంచి కాపీ చేసుకుంటే సరి. రిపేరు తేలిక, కానీ 100 టీబీ దాచాలంటే 300 టీబీ కొనాలి. అందుకే పెద్ద కంపెనీలు 1960 నాటి రీడ్-సాల్మన్ కోడ్‌ల వైపు మళ్లాయి. సూత్రం మీకు తెలిసిందే. 7, 5 అనే రెండు అంకెలతో పాటు వాటి మొత్తం 12ను కూడా దాచుకుంటే, 7 పోయినా 12లోంచి 5 తీసేసి రాబట్టవచ్చు. ఫేస్‌బుక్ అదే పనిని పెద్ద ఎత్తున చేసింది. 10 డేటా ముక్కలకు 4 అదనపు ముక్కలు లెక్కగట్టి, 14నూ వేర్వేరు మిషన్లలో పెట్టింది. ఏ నాలుగు పోయినా ఫర్వాలేదు. 100 టీబీకి 140 టీబీ చాలు.

చిక్కు ఎక్కడంటే, ఒక్క ముక్క పోయినా మిగిలినవాటిలో పదింటిని పూర్తిగా చదవాలి. 256 ఎంబీ కోసం 2,560 ఎంబీ నెట్‌వర్క్‌లో లాగాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా అదే పరిశీలనలో, ముక్కలు పోయిన సందర్భాల్లో 98 శాతం ఒకే ఒక్క ముక్క పోయినవే. అంటే నాలుగు పోయే అరుదైన రోజు కోసం కట్టుకున్న ఏర్పాటుకు, ఒకటి పోయే మామూలు రోజున భారీగా చెల్లిస్తున్నారన్నమాట.

మైక్రోసాఫ్ట్ 2012లో అజూర్ కోసం దీనికో అడ్డదారి చూపింది. 12 డేటా ముక్కలను ఆరేసి చొప్పున రెండు గుంపులు చేసి, గుంపుకో అదనపు ముక్క, అందరికీ కలిపి మరో రెండు పెట్టింది. ఒకటి పోతే 12 బదులు 6 చదివితే చాలు. దీనికీ ఓ ధర ఉంది. ఏ మూడు పోయినా తట్టుకుంటుంది గానీ, నాలుగు ఒకేసారి పోతే 86 శాతం సందర్భాల్లోనే బయటపడుతుంది.

తట్టుకునే శక్తిని వదులుకోకుండా రిపేరు తగ్గించడం ఎలా అన్నదే అసలు సవాలు. ప్రతి మిషన్ తన ముక్క మొత్తం పంపకుండా, అవసరమైన భాగమే పంపితే? ఎంత తక్కువతో సరిపెట్టుకోవచ్చో దాని కనీస హద్దును 2010లో డిమాకిస్, ఆయన సహచరులు గణితంతో తేల్చారు. ఆ హద్దును అందుకునే కోడ్‌లపై బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ పి.విజయ్ కుమార్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. పైన చెప్పిన ఫేస్‌బుక్ పరిశీలనలో ముఖ్యురాలైన కె.వి.రష్మి కూడా ఐఐఎస్‌సీలో చదివినవారే. 2018లో ఆ బృందం, అమెరికా పరిశోధకులు, నెట్‌యాప్ కలిసి 'క్లే కోడ్'ను బయటపెట్టారు. అదే 10+4 ఏర్పాటులో మిగిలిన 13 మిషన్లూ తలా పావు ముక్క పంపితే చాలు. 2,560 ఎంబీ కాస్తా 832 ఎంబీకి దిగుతుంది. తట్టుకునే శక్తిలో తేడా లేదు.

మరి అందరూ దీన్నే ఎందుకు వాడట్లేదు? ఆ పావు భాగం ముక్కలో ఒకేచోట ఉండదు. ఒక్కో ముక్కను 256 తునకలు చేసి, వాటిలోంచి ఏరుకోవాలి. 256 ఎంబీ ముక్కలో తునక 1 ఎంబీ, ఇబ్బంది లేదు. అదే 64 కేబీ ముక్కయితే తునక 256 బైట్లు. ఈ రోజుల్లో డిస్కులు సాధారణంగా 4 కేబీ చొప్పున చదువుతాయి కాబట్టి నెట్‌వర్క్‌లో మిగిల్చింది డిస్క్ దగ్గర పోతుంది. నా అంచనాలో ఈ కోడ్‌ల అసలు చోటు పెద్ద సైజు, అరుదుగా మారే డేటా: స్కాన్ చేసిన రికార్డులు, వీడియోలు, ఆర్కైవ్‌లు.

డేజాన్‌కు దీనికీ సంబంధం ఇక్కడే. 14 ముక్కలూ ఒకే భవనంలో ఉంటే ఏ కోడూ కాపాడలేదు. వేర్వేరు ఊళ్లలో పెడదామంటే, ప్రతి చిన్న రిపేరుకూ ఊళ్ల మధ్య లైన్ల మీద పదింతల డేటా లాగాలి. రిపేరు ఎంత చౌకైతే, ముక్కలను దూరంగా పెట్టడం అంత తేలికవుతుంది. ప్రభుత్వ రికార్డులు దాచే టెండర్లలో ఎన్ని టీబీలు అని రాసినట్టే, ఒక మిషన్ పోతే రిపేరుకు ఎంత ట్రాఫిక్, ఎన్ని గంటలు అని కూడా రాయించాలి.

కెరీర్ సంగతికొస్తే, డేటా సెంటర్ భవనంలో ఉద్యోగాలు పెట్టుబడితో పోలిస్తే తక్కువే ఉంటాయి. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ పని ఏ ఊరి నుంచైనా చేయొచ్చు. ఈసీఈలో కోడింగ్ థియరీని పరీక్ష ముందు రోజు చదివి వదిలేస్తాం చూడండి, దాని ఫైనైట్ ఫీల్డ్‌ల లెక్కలే ఇక్కడ పునాది. దానికి నెట్‌వర్కింగ్, సీ++ తోడవ్వాలి. క్లే కోడ్ 2019 నాటిలస్ విడుదల నుంచి సెఫ్ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజ్‌లో ఉంది, ఉచితం. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మిషన్లు పెట్టి, 4+2 ఏర్పాటుతో పెద్ద ఫైళ్లు దాచి, ఒక డిస్క్‌ను మీరే చంపి చూడండి. రీడ్-సాల్మన్ నాలుగు ముక్కలంత డేటా లాగితే, క్లే రెండున్నర ముక్కలంత లాగాలి. తర్వాత చిన్న ఫైళ్లతో అదే చేసి, లెక్క ఎక్కడ తప్పుతుందో గమనించండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఆ రెండో పట్టికే ముందు చూపించండి.