మెషీన్‌కు చిక్కని కుట్టు: నరసాపురం లేసుకు డిజిటల్ అల్లిక పోటీయా, తోడా?

షాపింగ్ యాప్‌లో ‘క్రోషె టాప్’ అని వెతికి చూడండి. చూడ్డానికి ఒకేలా ఉండే టాప్‌లు వరసగా వస్తాయి. ధరల్లో మాత్రం చాలా తేడా. కొన్నింటిని కంప్యూటర్ నడిపే యంత్రం అల్లుతుంది. కొన్నింటిని ఒక మహిళ ఇంటి అరుగు మీద కూర్చుని గంటల తరబడి అల్లుతుంది. ఫొటో చూసి ఆ తేడా చెప్పడం కష్టం. గోదావరి జిల్లాల లేసు మహిళల అసలు సమస్య ఇదే.

యంత్రం ఏం చేయగలదు?

డిజిటల్ నిట్టింగ్ మెషీన్‌లో వందల సూదులు వరసగా ఉంటాయి. కంప్యూటర్‌లో గీసిన డిజైన్‌లోని ఒక్కో గడి ఒక్కో కుట్టుగా మారుతుంది. ఏ సూది ఎప్పుడు కదలాలో సాఫ్ట్‌వేరే చెబుతుంది. జపాన్ కంపెనీ షిమా సీకి 1995లోనే కుట్టు అతుకుల్లేకుండా మొత్తం దుస్తును ఒకేసారి అల్లే యంత్రాన్ని తెచ్చింది.

మరి క్రోషె?

నిట్టింగ్‌లో చాలా ఉచ్చులు ఒకేసారి సూదుల మీద ఉంటాయి. క్రోషెలో సాధారణంగా ఒకే సూది, ఒకే ఉచ్చు. తర్వాతి కుట్టు ఎక్కడ వేయాలన్నది చేతి ఇష్టం: పక్కకు, వెనక్కి, గుండ్రంగా ఎటైనా వెళ్లొచ్చు. అందుకే అచ్చమైన క్రోషెను పూర్తిగా అల్లే యంత్రం ఇంకా వాణిజ్య మార్కెట్లోకి రాలేదు. ఫ్యాక్టరీల్లో ‘క్రోషె మెషీన్’ అని పిలిచేది నిజానికి వార్ప్ నిట్టింగ్ యంత్రమే. అది క్రోషెలా కనిపించే లేసును ఇస్తుంది, క్రోషెను కాదు.

అంటే కారుచౌకగా దొరికే ‘క్రోషె’ టాప్‌కు రెండే అర్థాలు. అది యంత్రం చేసిన నకలైనా అయి ఉండాలి, లేదా అల్లిన మహిళకు దక్కిన కూలి మరీ తక్కువైనా అయి ఉండాలి.

నరసాపురంలో ఏం జరిగింది?

19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీల ద్వారా ఈ కళ పశ్చిమ గోదావరికి చేరింది. తర్వాత తల్లుల నుంచి కూతుళ్లకు, అత్తల నుంచి కోడళ్లకు అందుతూ వచ్చింది. ఇక్కడి టేబుల్ క్లాత్‌లు, దుస్తులు, డాయిలీలు విదేశాలకు వెళ్తాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు మహిళలపై పుస్తకం రాశారు. ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్నా వీళ్లను కార్మికులుగా కాక ‘గృహిణులు’గానే లెక్కేస్తున్నారని, పనిని ‘ఖాళీ సమయపు వ్యాపకం’గా చూడటం వల్లే కూలి తక్కువగా ఉంటోందని ఆమె చూపించారు. ముక్కకు ఇంత అని ఏజెంట్ చేతి మీదుగా డబ్బు అందే ఇళ్లలో ఈ మాట నేటికీ పాతబడలేదు.

జీఐ ట్యాగ్ కాపాడుతుందా?

నరసాపురం క్రోషె లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇది పేరుకు మాత్రమే రక్షణ. యంత్రపు లేసును ‘నరసాపురం’ పేరుతో అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. కానీ ఉత్త ‘క్రోషె లేస్’ అని రాసి అమ్మితే ఈ చట్టం ఆపలేదు. పైగా ట్యాగ్ వాడుకోవాలంటే ‘అధీకృత వినియోగదారు’గా నమోదవ్వాలి. వ్యాపారులే నమోదై, అల్లేవాళ్లు బయట ఉండిపోతే లాభం ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

పథకాల్లో చోటుందా?

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. టూల్‌కిట్‌కు రూ.15 వేలు, 5 శాతం వడ్డీకి రూ.3 లక్షల దాకా రుణం ఇస్తారు. ఆ జాబితాలో దర్జీలు, చేపల వలలు అల్లేవాళ్లు ఉన్నారు. లేసు అల్లేవాళ్లు లేరు. వీరికి ముందుగా కావాల్సింది కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే ‘పహచాన్’ గుర్తింపు కార్డు. గృహిణి అనే ముద్ర పోయి కళాకారిణిగా రికార్డుల్లోకి ఎక్కేది దానితోనే.

రెండూ కలిస్తే?

దుస్తు ప్రధాన భాగాన్ని డిజిటల్ యంత్రం అల్లితే, మెడ, చేతులు, అంచులకు క్రోషెను మహిళలు అల్లొచ్చు. డిజైన్ చార్టును ఫోన్‌లోనే గీసి, కొనుగోలుదారుకు చూపించి, ఖరారయ్యాకే దారం కొనొచ్చు. పని వేగం పెరుగుతుంది, నమూనాల వృథా తగ్గుతుంది.

అయితే ఒక షరతు. యంత్రం, డిజైన్ ఫైల్ ఎవరివి? అవి వ్యాపారి చేతిలోనే ఉంటే మహిళ మళ్లీ అంచులు కుట్టే కూలీగానే మిగులుతుంది. డ్వాక్రా సంఘాలో, సహకార సంఘాలో ఉమ్మడిగా యంత్రాన్ని నడిపితే ధర చెప్పే హక్కు వాళ్లకు వస్తుంది. సబ్సిడీ ఇచ్చేటప్పుడు ప్రభుత్వాలు చూడాల్సింది ఎన్ని యంత్రాలు వచ్చాయన్నది కాదు, అవి ఎవరి పేరున ఉన్నాయన్నది.

కొనేవాళ్లు ఏం చేయాలి?

‘హ్యాండ్‌మేడా? ఎక్కడ అల్లారు? జీఐ ట్యాగ్ ఉందా?’ అని అడగండి. వస్తువును తిప్పి చూడండి. అడుగులు, మీటర్ల పొడవునా ఒక్క కుట్టులోనూ తేడా లేకపోతే అది యంత్రానిదే కావొచ్చు. చేతి పనిలో బిగువు అక్కడక్కడా కాస్త మారుతుంది. అది లోపం కాదు, మీరు చెల్లిస్తున్నది ఆ చేతికే.