ఊరి పక్కనే అడవి

విశాఖపట్నానికి ఉత్తరాన కైలాస కొండల వరుస, దక్షిణాన యారాడ కొండల వరుస. నడుమ మూకుడు లాంటి పల్లం. ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ ఆ పల్లంలోనే వెలిశాయి. గాజువాక దాటాక ఉక్కు కర్మాగారం. ఇక్కడ లేచిన పొగ, బొగ్గు ధూళి కొండలు దాటి త్వరగా పోలేవని పర్యావరణ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. వన్‌టౌన్‌లో డాబా మీద బట్టలు ఆరేసే ప్రతి ఇల్లాలికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ కొండలే ఈ ఊరి అదృష్టం కూడా. జాతీయ రహదారి మీద జూ పార్కు దగ్గర బస్సు దిగి రోడ్డు దాటితే కంబాలకొండ అడవి మొదలవుతుంది. ఇంత పెద్ద పారిశ్రామిక నగరానికి ఇంత చేరువలో చిరుతపులి తిరిగే అడవి ఉండటం అరుదు. ముంబైకి ఆ భాగ్యం ఉంది. మనకూ ఉంది.

ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న ఈ కొండలు 1970లో అటవీ శాఖ చేతికి వచ్చాయి. 2002లో అభయారణ్యమయ్యాయి. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఆకాశాన్నంటే మానులున్న చీకటి అడవి కాదిది. తూర్పు కనుమల అంచున, సముద్రపు గాలి తగిలే చోట పెరిగే పొట్టి చెట్ల అడవి, ముళ్ల పొదల అడవి. వేసవిలో చూసినవాళ్లు మోడుబారిన కొండ అనుకుని వెళ్లిపోతారు. తొలకరికి రెండు వానలు పడ్డాక చూడాలి దాన్ని. రాళ్ల సందుల్లోంచి నీళ్లు, తీగల మీద సీతాకోకచిలుకలు, ఎటు చూసినా లేత ఆకు.

ఆ నీళ్ల సంగతి మరికాస్త చెప్పుకోవాలి. సింహాచలం కొండ మీద గంగధార, ఆకాశధార, చక్రధార. అవతలి వాలున మాధవధార. భక్తులు తలారా స్నానం చేసే ఈ ధారలు అడవి పట్టి ఉంచిన వాననీళ్లే. ముడసర్లోవ జలాశయం నిండేదీ కొండల మీద కురిసిన వానతోనే. చెట్టు పోయిన కొండ మీద పడ్డ వాన ఒక్క పూటలో మట్టిని వెంటేసుకుని రోడ్ల మీదికి వచ్చేస్తుంది. చెట్టున్న కొండ ఆ నీటిని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. నగరానికి అడవి చేసే మేలుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దదని మా నమ్మకం.

చెట్ల మధ్యకు విహారానికి వెళ్లడం మనకు కొత్తగా ఎవరూ నేర్పలేదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేస్తాం. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు కాలినడకన ప్రదక్షిణ చేస్తాం. ప్రభుత్వాల అటవీ విధానమే ఆలస్యంగా ఆ దారికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తరిగిపోయిన కలపను మళ్లీ పెంచుకోవడానికి బ్రిటన్ 1919లో అటవీ కమిషన్‌ను పెట్టుకుంది. 1935 నాటికి అదే కమిషన్ స్కాట్లండ్‌లోని ఆర్గైల్ అడవిని జనం తిరగడానికి తెరిచింది. మన 1988 జాతీయ అటవీ విధానం కూడా ఆదాయం తర్వాతి మాట, పర్యావరణ సమతుల్యత ముందు మాట అంది.

ఇక 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ మీద విరుచుకుపడిన ఆ ఆదివారాన్ని ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. మర్నాడు కొండలు గోధుమరంగులో కనిపించాయి. నిప్పు అంటుకుని ఆరినట్టు ఒక్క ఆకు లేదు. వీధుల్లో చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. నీడ లేని ఊరు ఎలా ఉంటుందో ఆ తర్వాతి వేసవి చూపించింది. పడినవాటిలో త్వరగా పెరుగుతాయని, పూలు బాగుంటాయని నాటిన తురాయిలు, ఆస్ట్రేలియా తుమ్మలు ఎన్నో. వాటి వేళ్లు పైపైనే పాకుతాయి. తాడిచెట్టు ఊగి నిలబడింది. వేప కొమ్మలు విరిగినా చాలాచోట్ల మళ్లీ చిగిర్చింది. కంబాలకొండలో విరిగిన మొదళ్ల నుంచి, నేలలో దాగిన గింజల నుంచి అడవి తనంతట తానే లేచింది. నర్సరీలో ఏ మొక్క పెంచాలన్న నిర్ణయం ఎంత పెద్దదో ఈ ఊరికి తెలిసినంతగా మరో ఊరికి తెలియదు. తీర నగరంలో కానుగ, నేరేడు, వేప, పొగడ, చింత నాటాలి. నిదానంగా పెరుగుతాయి. పెరగనివ్వాలి.

ఉక్కు కర్మాగారం ఆవరణలో, ఉక్కునగరం వీధుల్లో పెంచిన పచ్చదనం నిజంగా మెచ్చుకోదగ్గది. అయితే నాటిన వనం వేరు, అడవి వేరు. వరుసల్లో నిలబెట్టిన చెట్లు ధూళిని ఆపుతాయి, నీడనిస్తాయి. అలుగుకూ అడవిపిల్లికీ ఇల్లు కావాలంటే పొద, పుట్ట, రాలిన ఆకు, పడిపోయిన మాను అన్నీ ఉండాలి. కొన్ని చోట్ల నాటకపోవడమే మంచిది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా గాలీ నీరూ మలచినవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో వాటిని భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ పచ్చదనం పేరుతో మొక్కలు గుచ్చడం సేవ కాదు.

విహారం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. రోప్‌వే ఎక్కాలనుకునేవారికి, వేదికల మీద పాటలు వినాలనుకునేవారికి కైలాసగిరి ఉంది, బీచ్ రోడ్డు ఉంది. కంబాలకొండకు ఆ హంగులు వద్దు. దానికి కావలసింది మట్టి బాటలు, చెట్ల పేర్లు రాసిన పలకలు, దారి చూపే స్థానిక యువకులు, వేసవిలో మంటలు పాకకుండా ఫైర్ లైన్లు గీసే మనుషులు. ఏప్రిల్ ఎండలో కొండెక్కి గడ్డి కోసి, మంట కనిపిస్తే కొమ్మలతో కొట్టి ఆర్పే వాచర్ల పనిని ఆదివారం నడకకు వచ్చినవాళ్లు చూడరు. అడవి మిగిలింది ఆ పని వల్లే. వాళ్ల జీతం సకాలంలో అందుతోందా, కాళ్లకు సరైన బూట్లున్నాయా అని నగరం అడగాలి.

రాబోయే కార్తీకానికి రెండు పనులు చేయవచ్చు. వనభోజనాలకు వచ్చే బృందాలు విస్తళ్లు, స్టీలు గ్లాసులు తెచ్చుకోవాలనీ, మైకులు బయటే వదిలి రావాలనీ అటవీ శాఖ గేటు దగ్గరే నియమం పెట్టవచ్చు. జీవీఎంసీ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలను ఏడాదికి ఒక్క ఉదయమైనా, ఆరు గంటలకు, అడవి తెలిసినవారి వెంట కొండ మీదికి నడిపించవచ్చు. వాళ్లలో చాలామంది ఇళ్లు ఆ కొండల వాలులోనే ఉన్నాయి. బస్సు ఖర్చు కూడా పెద్దగా ఉండదు.