టెక్సాస్‌లో హెంప్ గమ్మీలు: షాపులో దొరికితే చట్టబద్ధమేనా?

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్... టెక్సాస్‌లో ఏ ఊరికి వెళ్లినా గ్యాస్ స్టేషన్ కౌంటర్ల దగ్గర, స్మోక్ షాపుల్లో రంగురంగుల గమ్మీ ప్యాకెట్లు కనిపిస్తాయి. కొన్నింటి మీద ‘డెల్టా-8’ అని, కొన్నింటి మీద ‘డెల్టా-9’ అని ఉంటుంది. దాదాపు అన్నింటి మీదా ‘హెంప్’ అనే మాట ఉంటుంది.

సరదా కోసం గంజాయి వాడటం టెక్సాస్‌లో ఇప్పటికీ నేరమే. మరి గంజాయిలో మత్తునిచ్చే పదార్థమే ఉన్న గమ్మీలను ఇంత బహిరంగంగా ఎలా అమ్ముతున్నారు?

చదువు కోసమో, ఉద్యోగం కోసమో టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ‘కార్డు గీకితే బిల్లు ఇచ్చి మరీ అమ్ముతున్నారు, ఇందులో తప్పేముంది?’ అని వాళ్లు అనుకోవడం సహజం. కానీ అదే ప్యాకెట్‌ను షాపులో ఒక చట్టం, ఆఫీసులో మరో నియమం, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఇంకో నియమం, శంషాబాద్‌లో దిగాక పూర్తిగా వేరే చట్టం చూస్తాయి. వాటి మధ్య తేడా తెలియకపోతే చిక్కుల్లో పడేది కొన్నవాళ్లే.

హెంప్, గంజాయి ఒకటేనా?

మొక్క ఒకటే. శాస్త్రీయ నామం కన్నాబిస్ సటైవా. తేడా అంతా అందులో ఉండే టీహెచ్‌సీ మోతాదులోనే. మత్తునిచ్చేది ఈ పదార్థమే. సీబీడీ అనే మరో పదార్థం కూడా ఉంటుంది కానీ, అది ఆ తరహా మత్తు ఇవ్వదు.

నార, గింజల కోసం పండించే హెంప్ రైతులకు వెసులుబాటు ఇవ్వాలని అమెరికా 2018 ఫార్మ్ బిల్లులో ఒక గీత గీసింది. ఎండిన బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే అది హెంప్, మించితే గంజాయి. ఆ ఏడాది డిసెంబరు 20న ఈ బిల్లు చట్టమైంది. హెంప్‌ను, దాని నుంచి తీసిన పదార్థాలను మాదకద్రవ్యాల జాబితా నుంచి తప్పించారు.

0.3 శాతం లెక్కలో లొసుగు ఎక్కడుంది?

0.3 శాతం చాలా తక్కువే అనిపిస్తుంది. పొలంలో ఎండిన మొక్క విషయంలో నిజంగానే తక్కువ. కానీ అదే శాతాన్ని తినే పదార్థానికి వర్తింపజేస్తే లెక్క తారుమారవుతుంది.

ఒక గమ్మీ బరువు 4 గ్రాములు అనుకుందాం. అందులో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. గంజాయిని చట్టబద్ధం చేసిన కొలరాడోలో, లైసెన్సు ఉన్న దుకాణంలో అమ్మే గంజాయి తినుబండారానికి ఒక మోతాదు పరిమితి 10 మిల్లీగ్రాములే. అంటే ‘హెంప్’ పేరుతో వచ్చే గమ్మీ అసలు గంజాయి గమ్మీ కంటే ఎక్కువ మత్తు ఇవ్వొచ్చు. డ్రింకుల సంగతి చెప్పనక్కర్లేదు. 355 మిల్లీలీటర్ల క్యాన్‌లో 0.3 శాతం అంటే వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. అక్కడ ఆ పరిమితి ఉన్నా లేనట్టే.

రెండో లొసుగు పేరులో ఉంది. చట్టం డెల్టా-9ను మాత్రమే ప్రస్తావించింది. దాంతో కంపెనీలు హెంప్ నుంచి తీసిన సీబీడీని రసాయన ప్రక్రియతో డెల్టా-8గా మార్చి అమ్మడం మొదలుపెట్టాయి. డెల్టా-8 కూడా మత్తునిచ్చేదే. ఇక టీహెచ్‌సీఏ అనే పదార్థం పువ్వులో ఉన్నంతసేపు మత్తు ఇవ్వదు. నిప్పంటిస్తే టీహెచ్‌సీగా మారిపోతుంది.

టెక్సాస్ చట్టం ఏం చెబుతోంది?

టెక్సాస్ 2019లో హౌస్ బిల్ 1325 ద్వారా ఇదే 0.3 శాతం నిర్వచనాన్ని తెచ్చుకుంది. తినే, తాగే హెంప్ ఉత్పత్తుల బాధ్యతను రాష్ట్ర ఆరోగ్య శాఖ డీఎస్‌హెచ్‌ఎస్‌కు అప్పగించింది. తయారీదారుకు లైసెన్సు, అమ్మే దుకాణానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది.

లేబుల్ మీద బ్యాచ్ నంబరు, తేదీ, తయారీదారు పేరు, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ల్యాబ్ పరీక్ష ఫలితాలు చూసుకునేందుకు క్యూఆర్ కోడ్ లేదా వెబ్ లింకు ఉండాలి.

అయితే 2019 చట్టం కొనేవారికి కనీస వయసు పెట్టలేదు. ఒక గమ్మీలో ఎన్ని మిల్లీగ్రాములు ఉండొచ్చో చెప్పలేదు. డెల్టా-8 నిషిద్ధ పదార్థమేనని 2021 అక్టోబరులో ఆరోగ్య శాఖ ప్రకటిస్తే, మరుసటి నెలలోనే ఆస్టిన్‌లోని కోర్టు దాన్ని నిలిపివేసింది. ఆ వ్యాజ్యం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈలోగా రాష్ట్రంలో హెంప్ అమ్మే చోట్లు 8 వేలు దాటాయి.

2025లో ఏం మారింది?

లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ పట్టుబట్టడంతో సెనేట్ బిల్ 3 ఉభయ సభల్లోనూ గట్టెక్కింది. సీబీడీ, సీబీజీ తప్ప హెంప్ నుంచి వచ్చే ఏ కన్నాబినాయిడ్ ఉన్నా ఆ ఉత్పత్తిని నిషేధించాలన్నది ఆ బిల్లు సారాంశం. పిల్లలు ఆసుపత్రుల పాలవుతున్నారన్నది నిషేధం కోరినవారి వాదన. నొప్పులకు, నిద్రకు దీని మీదే ఆధారపడుతున్నామన్నది మాజీ సైనికుల్లో చాలామంది మాట.

గవర్నర్ గ్రెగ్ అబాట్ జూన్ 22 రాత్రి, గడువు ముగియడానికి కాస్త ముందు ఆ బిల్లును వీటో చేశారు. నిషేధం కోర్టుల్లో నిలవదని, మద్యం మాదిరిగా నియంత్రించాలని అన్నారు. ఆ తర్వాత రెండు ప్రత్యేక సమావేశాలు పెట్టినా ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి సెప్టెంబరు 10న ఆయన ఉత్తర్వు జారీ చేశారు. 21 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు, కొనేవారి ఐడీ చూడాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. దాని ఆధారంగా ఆరోగ్య శాఖ, మద్యం నియంత్రణ సంస్థ టీఏబీసీ అత్యవసర నిబంధనలు తెచ్చాయి.

వేప్‌ల విషయంలో మాత్రం చట్టమే వచ్చింది. సెనేట్ బిల్ 2024 ప్రకారం 2025 సెప్టెంబరు 1 నుంచి హెంప్‌తో సహా ఏ కన్నాబినాయిడ్ ఉన్న వేప్‌నైనా అమ్మడం నేరం. ఏడాది వరకు జైలు, 4 వేల డాలర్ల వరకు జరిమానా ఉంటాయి.

పక్క రాష్ట్రంలో కొని తెచ్చుకోవచ్చా?

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. మినసోటా 2022 జులై నుంచి గమ్మీ ఒక్కో మోతాదుకు 5 మిల్లీగ్రాములు, ప్యాకెట్‌కు 50 మిల్లీగ్రాములు, వయసు 21 అని పరిమితి పెట్టింది. శాతం వదిలేసి మిల్లీగ్రాముల్లో కొలవడం వల్ల కొనేవారికి తాము ఎంత తింటున్నారో తెలుస్తుంది. గంజాయిని చట్టబద్ధం చేసిన కాలిఫోర్నియా హెంప్ విషయంలో ఇంకా కఠినంగా ఉంది. అక్కడ 2024 సెప్టెంబరు అత్యవసర నిబంధనల ప్రకారం హెంప్ ఆహారంలో, డ్రింకుల్లో టీహెచ్‌సీ జాడ కూడా కనిపించకూడదు.

న్యూమెక్సికోలోనో, కొలరాడోలోనో గంజాయి దుకాణంలో కొని కారులో టెక్సాస్‌కు తెచ్చుకోవడం మాత్రం ప్రమాదకరం. పోలీసులు పట్టుకున్నాక ల్యాబ్‌లో హెంప్ పరిమితి దాటినట్టు తేలితే, టీహెచ్‌సీ కలిసిన తినుబండారాలు, నూనెల విషయంలో అందులోని టీహెచ్‌సీని ఒక్కదాన్నే కాకుండా పదార్థం మొత్తం బరువును లెక్కిస్తారు. ఒక గ్రాములోపు ఉన్నా అది ఫెలనీ. 4 గ్రాముల నుంచి 400 గ్రాముల లోపు అయితే రెండేళ్ల నుంచి 20 ఏళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. గమ్మీ డబ్బా ఒకటి ఆ బరువు ఇట్టే తూగుతుంది.

2026 నవంబరు 12 ఎందుకు కీలకం?

2025 నవంబరు 12న అమెరికా ప్రభుత్వ షట్‌డౌన్‌కు ముగింపు పలికిన బిల్లులోనే హెంప్ నిర్వచనాన్నీ మార్చేశారు. డెల్టా-9 ఒక్కటే కాకుండా టీహెచ్‌సీఏతో సహా మొత్తం టీహెచ్‌సీని లెక్కించాలి. అమ్మే డబ్బాకు మొత్తం 0.4 మిల్లీగ్రాములు మించకూడదు. మొక్కలో సహజంగా తయారు కాని, ల్యాబ్‌లో మార్చిన కన్నాబినాయిడ్లు హెంప్ కిందికి రావు. దీని అమలుకు చట్టం ఏడాది గడువు ఇచ్చింది.

మినసోటా అనుమతించే 5 మిల్లీగ్రాముల గమ్మీతో పోల్చినా 0.4 మిల్లీగ్రాములు పన్నెండో వంతు కంటే తక్కువ. ఈ నిర్వచనం అమల్లోకి వస్తే ఇప్పుడు దుకాణాల్లో ఉన్న మత్తు గమ్మీలు ఫెడరల్ చట్టం దృష్టిలో హెంప్ కిందికి రావు. ఇంట్లో మిగిలిన ప్యాకెట్ కూడా అంతే.

వీసాపై ఉన్నవాళ్లకు ఇబ్బందేంటి?

మొదటిది డ్రగ్ టెస్ట్. మామూలు మూత్ర పరీక్ష శరీరంలో టీహెచ్‌సీ విచ్ఛిన్నమయ్యాక మిగిలే పదార్థాన్ని పట్టుకుంటుంది. అది హెంప్ గమ్మీ నుంచి వచ్చిందా, గంజాయి నుంచి వచ్చిందా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. షాపు బిల్లు చూపించినా కంపెనీ ఒప్పుకోవాలని లేదు.

రెండోది ఇమిగ్రేషన్. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం అన్నీ ఫెడరల్ చట్టం పరిధిలోవి. ఫలానా రాష్ట్రం అనుమతించిందన్న వాదన అక్కడ పనికిరాదు. వీసా దరఖాస్తు డీఎస్-160లోనే మాదకద్రవ్యాల చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అనే ప్రశ్న ఉంటుంది. కోర్టులో శిక్ష పడకపోయినా, నేరం చేసినట్టు అధికారి ముందు ఒప్పుకుంటే అదే ప్రవేశ నిరాకరణకు కారణం కావచ్చు. అందుకే కేసు ఏదైనా ఉంటే జవాబు రాసే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి.

ఇండియాకు తెస్తే?

తేవద్దు. మన ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో 0.3 శాతం అనే గీతే లేదు. మొక్కలో ఏ భాగం అన్నదాన్ని బట్టి మన చట్టం నడుస్తుంది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. వేరు చేసిన జిగురు చరస్. వాటితో చేసిన మిశ్రమమూ ఆ నిర్వచనంలోకే వస్తుంది. టీహెచ్‌సీ విడిగా కూడా ఈ చట్టం షెడ్యూల్‌లో ఉంది.

గింజలు, గింజల నూనె సంగతి వేరు. వాటిని ఆహారంగా అమ్మేందుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో పరిమితులతో ప్రమాణాలు ఖరారు చేసింది. అమెరికా గమ్మీ ఆ కోవలోది కాదు. కస్టమ్స్ వాళ్లకు టెక్సాస్ బిల్లు, ల్యాబ్ సర్టిఫికెట్ చూపించినా ఉపయోగం ఉండదు. చిన్న పరిమాణానికి కూడా ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష పడొచ్చు.

కొనాలనుకునే పెద్దవాళ్లు ఏం చూడాలి?

• దుకాణానికి డీఎస్‌హెచ్‌ఎస్ రిజిస్ట్రేషన్ ఉందా? ఐడీ అడగకుండా అమ్మే చోట మిగతా నియమాలు పాటిస్తారని నమ్మలేం.

• క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ల్యాబ్ రిపోర్టులోని బ్యాచ్ నంబరు, ప్యాకెట్ మీది నంబరు ఒకటేనా? రిపోర్టులో పురుగుమందులు, భార లోహాలు, ద్రావకాల పరీక్ష ఉందా?

• శాతం కాదు, ఒక గమ్మీలో ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. ప్రభావం కనిపించడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ‘ఏమీ కాలేదు’ అని రెండోది తినేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

• తిన్నాక డ్రైవింగ్ చేయొద్దు. హెంప్‌దైనా సరే, మత్తులో నడిపితే కేసే.

• ఇంట్లో పిల్లలుంటే తాళం వేసి పెట్టండి. పొరపాటున తింటే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు ఫోన్ చేయండి. లేవకుండా మగతగా ఉన్నా, శ్వాస ఇబ్బందిగా ఉన్నా 911కే.

• జబ్బు కోసమైతే గ్యాస్ స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు. డాక్టరు ప్రిస్క్రిప్షన్‌తో నడిచే కంపాషనేట్ యూజ్ ప్రోగ్రాం టెక్సాస్‌లో విడిగా ఉంది.

నిబంధనలు మారుతూనే ఉన్నాయి కాబట్టి కొనే ముందు డీఎస్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో తాజా వివరాలు చూసుకోవాలి. అక్కడున్న పిల్లలతో ఈ వారం మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు కూడా ఈ విషయం ఒకసారి ప్రస్తావించడం మంచిది. మందలించడానికి కాదు. షాపువాడు అమ్మొచ్చు గానీ, వీసా పోతే వాడు తెచ్చివ్వలేడని గుర్తు చేయడానికి.