అందరికి నందెడు పాఠము

పూర్వము విద్యార్థి గురువును వెదకికొని పోయెడివాడు. నేడు పాఠమే అంతర్జాలము ద్వారా విద్యార్థి యింటికి వచ్చుచున్నది. భారత ప్రభుత్వము 2017వ సంవత్సరములో 'స్వయం', 'దీక్ష' అను రెండు విద్యావేదికలను ప్రారంభించినది. బడి మెట్లు ఎక్కజాలని బాలునకును, తోడు లేనిదే దారి నడువజాలని బాలికకును ఇట్టి విద్య గొప్ప వరము కావలసినది. కాని యింటికి వచ్చిన పాఠము వారికి అర్థము కాని రూపములో నున్నచో, అది వచ్చియు రానట్లే గదా!

కన్నులు లేనివారు కంప్యూటరుపై నెట్లు చదువుదురు? తెరమీది అక్షరములను బిగ్గరగా చదివి వినిపించు సాధనము కలదు. దానిని 'స్క్రీన్ రీడర్' అందురు. అక్షరములను బొమ్మగా తీసి పెట్టిన పుట ఎదురైనచో ఆ సాధనము తడబడును. తెలుగునకు మరియొక చిక్కును కలదు. యూనికోడ్ కాని పాత ఖతులలో కూర్చిన పుట కంటికి చక్కని తెలుగుగానే కనబడును. చెవికి మాత్రము అర్థము లేని ధ్వనుల గుంపుగా వినబడును. ఒకరికి ముత్యాలవంటి అక్షరములు మరియొకరికి శూన్యమగుట యిట్లే.

హృదయమును గూర్చిన పాఠములో "ఈ పటమును చూడుడు" అని మాత్రమే చెప్పిన చాలదు. "హృదయము కుడివైపునుండి రక్తము ఊపిరితిత్తులకు పోవును, అచ్చట ప్రాణవాయువును గ్రహించి యెడమవైపునకు వచ్చి, శరీరమంతటికి ప్రవహించును" అని పటము ప్రక్కన వ్రాసినచో చూపులేని బాలుడును గ్రహించును. వినికిడి లేనివారికొరకు దృశ్యపాఠమున మాటలను తెరపై వ్రాసి, సంజ్ఞాభాషను గూడ చేర్చవలెను. చేతులు వణకువారికి మౌసు లేకుండ మీటలతోనే పని జరుగవలెను. మెల్లగా వ్రాయువారికి పరీక్షలో అధిక సమయ మొసగవలెను.

"కొందరికొరకు ఇంత శ్రమ యేల? తరువాత చేర్చవచ్చును గదా!" అని కొంద రందురు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలమంది. ఇది కొందరి మాట కాదు. ఇక తరువాత చేర్చుటన్ననో, గోడలు లేపిన పిదప వాటిని పగులగొట్టి వాకిలి పెట్టుటవంటిది. వ్యయము హెచ్చును, పని చెడును. ఈలోపున పరీక్షలు ముగియును. ఒక బాలిక సంవత్సరము వ్యర్థమగును. వాకిలిని పునాదినాడే తలపవలెను. అట్లు చేసిన మేలు ఒక్కరికే పరిమితము గాదు. తెరపై వ్రాసిన మాటలు, సందడిగల యింట చదువుకొను బాలునకును తోడ్పడును.

ఇది దయాధర్మమని తలచుటయు పొరపాటే. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము విద్యను వారి హక్కుగా నిలిపినది. అంతర్జాల సేవలను అందుకొనగలుగుట జీవించు హక్కులో భాగమని 2025వ సంవత్సరము ఏప్రిల్ 30న భారత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

పాఠమును కూర్చువారు వైకల్యము గల విద్యార్థులను పిలిచి, దానిని ముందుగా వారిచేత పరీక్షింపజేయవలెను. 1829వ సంవత్సరములో చుక్కల లిపిని ప్రకటించిన లూయీ బ్రెయిలీ అంధుడే. 2006వ సంవత్సరములో ఆస్ట్రేలియాలో ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడరును నిర్మింప మొదలిడిన యిరువురును అంధులే. దానిని నేడు ఎవరైనను వెల లేకుండ పొందవచ్చును. అవసర మెరిగినవారే ఉపాయమును గనుగొనిరి. వారి మాట విని కూర్చిన పాఠమే అందరి పాఠమగును.