మా డాబా మాటేమిటి?

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో ఇళ్లపైకి సౌర పలకలు ఎక్కాయి. ఆ వార్త చదవగానే శాలిబండలోని మా డాబా కళ్ల ముందు మెదిలింది. వడియాలు ఎండేదీ, బట్టలు ఆరేదీ, కరెంటు పోతే పిల్లలు పడుకునేదీ అక్కడే. రేపు మా వీధికీ పలకలు వస్తే, ఏ మూల పెట్టాలో నన్నెవరైనా అడుగుతారా?

పల్లెలో అడగడానికి గ్రామసభ ఉంది. 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలుండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. కానీ మా వీధిలో మీటింగంటే మగవాళ్లే కుర్చీలేసుకుంటారు. మేం టీ గ్లాసులందించి లోపలికి వచ్చేస్తాం.

ఈసారి గ్లాసులు అక్కడే పెట్టి, మనమూ కూర్చుందాం. నీళ్లు, మోరీ, వీధిదీపం, డాబా... వీటి సంగతి మనకన్నా ఎవరికి తెలుసు చెప్పండి?