సముద్రం వాపసు చేస్తున్న అమానత్

మధ్యధరా సముద్ర తీరాల్లో అలలు గోధుమరంగు పీచు బంతుల్ని ఒడ్డుకు తెచ్చి పడేస్తాయి. ఎవరో కొబ్బరిపీచును చేత్తో ఉండలు చుట్టారేమో అనిపిస్తుంది. అంతా కుద్రత్ కరిష్మా! అక్కడ నీటి అడుగున పొసిడోనియా అనే పూలు పూసే గడ్డి పెరుగుతుంది. దాని ఆకు మొదళ్ల పీచును అలలు దొర్లించి దొర్లించి బంతులు చేస్తాయి.

సుబ్‌హానల్లాహ్ అనేసి ఊరుకుందామా? స్పెయిన్‌లోని మయోర్కా దీవి ఒడ్డున బార్సిలోనా యూనివర్సిటీవాళ్లు ఏరిన బంతుల్లో నూటికి 17 ప్లాస్టిక్‌తో తేలాయి. కిలో పీచులో 1,470 దాకా ముక్కలు! ఈ సంగతి 2021లో ప్రచురించారు.

'గడ్డే సముద్రాన్ని సాఫ్ చేస్తోంది' అని కొందరు ఖుషీ అవుతున్నారు. నా రాయ్ వేరు. ఒడ్డుకొచ్చిన ప్లాస్టిక్ ఎక్కడికీ పోలేదు, మన దగ్గరికే తిరిగొచ్చింది. ఈ దునియా మన జాగీరు కాదు, అల్లాహ్ ఇచ్చిన అమానత్. నేలమీదా నీళ్లలోనూ కనిపించే ఫసాద్‌కు మనుషుల చేతలే కారణమని సూరె రూమ్ 41వ ఆయత్ మనకు ఎప్పుడో చెప్పింది.

వలీమా అయ్యాక ఫంక్షన్ హాలు వెనక గుట్టపడిన ప్లాస్టిక్ గ్లాసులు చూడండి. బిర్యానీ పారేస్తేనే ఇస్రాఫ్ అనుకుంటున్నాం, ఇదీ ఇస్రాఫే. స్టీలు గ్లాసులు కిరాయికి దొరుకుతాయి. మీ ఇంట్లో వచ్చే దావత్‌కు అవే తెప్పించండి.