బంతికంటె ముందు బాట

పది పిన్నుల బౌలింగు ఆటను చూచువారు బరువైన బంతిని సూటిగా దొర్లించుటయే యందలి విద్య యని తలంతురు. ఆడువారిలో పెక్కుమంది ఖరీదైన క్రొత్త బంతిని కొన్నచో గెలుపు తమదే యని నమ్ముదురు. ఈ రెండును సరికావని నా యభిప్రాయము. మొదట తెలియవలసినది బాటమీది నూనె. పిదప బంతి పైపొర. క్రొత్త బంతి కట్టకడపటిది.

ఆటగాడు దాటరాని గీటునుండి ముందరి పిన్నువఱకు దూరము 60 అడుగులు. బాట యరిగిపోకుండుటకై ముందుభాగమున సుమారు 40 అడుగులవఱకు పలుచగా నూనె పూయుదురు; తక్కినది పొడిగా నుండును. నూనెమీద బంతి జాఱును. పొడిచోట పట్టు దొరకి వంపు తిరుగును. నూనె యెంత యున్నదో కంటికి సరిగా కానరాదు. బంతి నడకయే తెలుపును. దొర్లిన ప్రతి బంతియు కొంత నూనెను కొనిపోవును గావున, మొదటి యాటలోని బాట మూడవ యాటకు అట్లే యుండదు.

బంతి పైపొరను ఉప్పుకాగితమువంటి రాపిడిబిళ్లలతో రుద్ది సిద్ధపఱతురు. 500 సంఖ్యగల బిళ్ల గరుకుదనము నిచ్చును. 4000 సంఖ్యగలది నునుపు నిచ్చును. నూనె దట్టముగా నున్నచో గరుకుబంతి ముందుగనే పట్టు సంపాదించును. నూనె తక్కువైనచో ఆ బంతియే వేళకు ముందు వంగి, పిన్నులను చేరునప్పటికి బలము కోల్పోవును. అప్పుడు మెఱుగుపెట్టిన బంతి మేలు.

పైపొర ప్రభావ మెంతటిదో చరిత్రయే చెప్పుచున్నది. 1973లో డాన్ మక్యూన్ అను అమెరికా ఆటగాడు ప్లాస్టిక్ బంతులను రసాయనములో నానబెట్టి మెత్తపఱచి, ఆ యేట వృత్తిపోటీలలో ఆఱు విజయములు పొందెను. పిమ్మట బంతి కాఠిన్యమునకు హద్దు విధింపబడెను.

ప్లాస్టిక్ బంతి నెంత రుద్దినను రియాక్టివ్ రెసిన్ బంతివలె వంగదని కొందఱందురు. అది నిజమే. కాని చేతనున్న బంతి శక్తిని పూర్తిగా నెఱుగకయే మఱియొకటి కొనుట వివేకము కాదు. యునైటెడ్ స్టేట్స్ బౌలింగు కాంగ్రెసు నియమముల ప్రకారము పోటీ మొదలైన పిదప బంతిని రాపిడిబిళ్లతో రుద్దరాదు. కావున ముందే యోచించి సిద్ధపడవలెను. అంచనా తప్పినచో నిలుచు చోటును, వేగమును మార్చుకొనవలెను. ఈ తెలివి యంగడిలో దొరకదు.

విద్యార్థులారా, నేల పదును చూడక నాగలి కట్టు రైతు లేడు. ఆటగాడును అట్లే బాటను చూచి బంతి నెత్తవలెను.